కరిగే నూలు

గురువారం పొద్దున ఆరున్నరకి ఫోను మోగితే
చూడక్కర్లేదు, బ్రైసే.
చేతులకి రబ్బరు తొడుగులు, తొడుగుల నిండా ఉప్పు,
మోచేత్తో నొక్కి స్పీకరు పెడతాను.
"అమ్మా, అరవై యూరోలు. ఈ ఒక్కసారికే."
ఈ ఒక్కసారికి ఎన్నేళ్ళు నిండాయో నా దగ్గర లెక్కుంది,
వంటింటి క్యాలెండర్ల వెనకవైపు, పెన్సిలుతో.

మొదట్లో ఇచ్చాను.
వీగోలో గది అద్దె కట్టాను, గది మారింది, మళ్ళీ కట్టాను.
తాకట్టులో పోయిన వాళ్ళ నాన్న గడియారం విడిపించి
వాడి చేతికే ఇచ్చాను, ఆ రోజు వాన పడుతోందని.
రెండోసారి వెళ్తే
తాకట్టు కొట్టువాడు నన్ను పేరు పెట్టి పలకరించాడు.
తిరుగు బస్సులో పర్సు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను,
పక్క సీట్లో ఎవరూ లేరు.

తర్వాత తెలివి ఉపయోగించాను.
రేవు వెనక ఎర్మిందో హోటల్లో
నెలకి సరిపడా సూపుకీ రొట్టెకీ ముందే డబ్బు కట్టాను.
మూడు వారాలకి ఎర్మిందో ఫోన్ చేశాడు, గొంతు తగ్గించి:
"మీవాడి గిన్నె ఇంకెవరో తాగుతున్నారు, దోసిందా.
రెండు యూరోలకి అమ్ముతున్నాడట."
నవ్వొచ్చింది. నిజంగానే.
బళ్ళో గోలీలు అప్పిచ్చి వడ్డీ తీసుకున్నవాడే కదా.
నవ్వాక, ఒడ్డున కూర్చుండిపోయాను
పోటు తగ్గేదాకా.

కిందటేడు తాళం మార్చాను.
పాత తాళంచెవి వాడి దగ్గరే ఉంది, అడగలేదు.
దానికిప్పుడు తలుపు లేదు.

"కన్నకడుపా అది, బండరాయా?" అంటుంది
మా అక్క ఒబ్దూలియా.
జవాబివ్వను.
తనెప్పుడూ తెప్ప మీద పనిచెయ్యలేదు.

అరోసా సముద్రపాయలో, నీలగిరి దుంగల తెప్ప మీద
మేం చేసే పని ఇదీ:
చిటికెనగోరంత ఆల్చిప్ప పిల్లల్ని మోకు చుట్టూ పరిచి
పైన పల్చటి నూలు వల చుడతాం,
బాలింత నడుముకి గుడ్డ చుట్టినట్టు.
నీళ్ళలోకి దింపుతాం.
వారం, పదిరోజుల్లో నూలు చివికి కరిగిపోతుంది.
ఈలోగా ఆల్చిప్ప తన ఒంట్లోంచి తానే దారం తీసి
మోకుని పట్టుకోవాలి.
కొన్ని పట్టుకోవు.
ఆ సంగతి గట్టిగా ఎవరూ అనరు.

ఒక ఏడు కొత్త కుర్రాడొకడు, మెత్తటి మనసు వాడు,
నూలు బదులు సన్నకన్నుల నైలాను చుట్టాడు,
ఒక్కటీ జారకూడదని.
ఒక్కటీ జారలేదు.
పైకెత్తి చూస్తే లోపలంతా ఒరుసుకుని, ఊపిరాడక,
సగానికి సగం నల్ల బురద.
మూడు రోజులు చేతులు కడుక్కున్నాం.

ఇవాళ ఫోన్లో చెప్పాను:
డబ్బు లేదు. కాదు, ఉంది. ఇవ్వను.
ఇక నీతో అబద్ధమాడను.
మంగళవారం తొమ్మిదింటికి, మత్తు మాన్పించే ఆసుపత్రి గుమ్మంలో
ఫ్లాస్కు పట్టుకుని నిలబడతాను.
లోపలికి నడవాల్సినవి నీ కాళ్ళు.
రాకపోతే పదకొండింటి బస్సుకి నేను వెనక్కి.
ఆపై మంగళవారం మళ్ళీ తొమ్మిదింటికి.

అట్నుంచి ఒక తిట్టు. తిట్టు వెనక దగ్గు.
ఆ తర్వాత, పెట్టెయ్యకుండా,
కాసేపు ఊరకే ఉన్నాడు.
వాడి వైపు ఏదో లారీ హారను,
నా వైపు దుంగల కింద నీళ్ళు.

"ఫ్లాస్కులో ఏంటి?" అన్నాడు.
"కాఫీ. చక్కెర లేకుండా."
పెట్టేశాడు.

ఇంకా నలభై మోకులున్నాయి.
నూలు ఉండ ఒళ్ళోకి లాక్కుని
కొస కోసం వెతుకుతున్నాను,
మరీ బిగించకే అని
నా వేళ్ళకి నేనే చెప్పుకుంటూ.